అవతలి కాలేజీ వాళ్లు ఎందుకు మాట్లాడలేదు?

"మేడమ్, వాళ్లకి పని చేసే ఉద్దేశమే లేదు."

ప్రాజెక్టు మొదలైన మూడో వారంలో మా పిల్లలు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి అన్న మాట ఇది. రెండు కాలేజీల వాళ్లు కలిసి ఆన్‌లైన్‌లో చేస్తున్న ప్రాజెక్టు. మా దగ్గర ఈసీఈ మూడో సంవత్సరం వాళ్లు ముగ్గురు. నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఇంకో కాలేజీలో సీఎస్‌ఈ వాళ్లు ముగ్గురు. నేల తేమను కొలిచే చిన్న పరికరం మా వాళ్లు తయారు చేయాలి. ఆ అంకెలు తీసుకుని "ఈ రోజు నీళ్లు పెట్టాలి" అని రైతుకు చెప్పే మొబైల్ యాప్ వాళ్లు రాయాలి. మా వాళ్లు గ్రూపులో ఒక ప్రశ్న అడిగారు. ఆరు రోజులైనా జవాబు రాలేదు. నీలం టిక్కులు మాత్రం పడ్డాయి. అంటే అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. మా వాళ్ల కోపమంతా అక్కడే.

ఆ సాయంత్రం అవతలి గైడ్‌కి ఫోన్ చేశాను. "మా పిల్లలూ మీ వాళ్ల గురించి అదే అంటున్నారండీ," అన్నారాయన. "ఆర్డర్లు వేసినట్టు మెసేజ్‌లు పెడతారట, తిరిగి ఏదైనా అడిగితే పలకరట." ఇంకాస్త మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. ఆ వారం వాళ్లకి మిడ్స్. మిడ్స్ రోజుల్లో వాళ్ల హాస్టల్లో రాత్రి ఎనిమిదికల్లా ఫోన్లు వార్డెన్‌కి ఇచ్చేయాలి. పొద్దున్నే ఫోన్ చేతికొచ్చాక, పరీక్షకి పరిగెత్తే తొందరలో ఒకసారి తెరిచి చూసినప్పుడు పడినవి ఆ టిక్కులు. ఇటు మా వాళ్లకేమో అదే వారం ల్యాబ్ ఇంటర్నల్స్. రెండు సంగతులూ గ్రూపులో ఎవరూ రాయలేదు. రాయాలని ఎవరికీ తట్టలేదు.

వేర్వేరు కాలేజీల పిల్లలు కలిసి నేర్చుకునే ప్రయత్నాలు చాలావరకు ఇలాంటి చోటే దెబ్బతింటాయి. చెడ్డాక మనం చెప్పుకునే కారణాలు రెండే: పిల్లలకి శ్రద్ధ లేదు, లేకపోతే నెట్ సరిగా లేదు. ఆ రెండూ కొంత నిజమే. కానీ అసలు చిక్కు ఇంకొకటి ఉంది. అవతలివాళ్లు ఏ పరిస్థితుల్లో ఉన్నారో ఇవతలివాళ్లకి తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. ఆ ఖాళీని వాళ్ల గుణం మీద అనుమానంతో నింపేస్తాం.

దీని మీద పాతికేళ్ల కిందటే ఒక మంచి పరిశోధన వచ్చింది. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీ అధ్యాపకురాలు కేథరిన్ క్రామ్టన్ 2001లో దాన్ని ప్రచురించారు. మూడు ఖండాల్లోని తొమ్మిది యూనివర్సిటీల విద్యార్థులను కలిపి చేసిన 13 జట్లు. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎక్కువగా ఈమెయిళ్ల మీద ఆధారపడి, కొన్ని వారాల్లో ఒక ప్రాజెక్టు పూర్తి చేయాలి. వాళ్లు రాసుకున్న ఉత్తరాలు చదివి, ఎక్కడెక్కడ తెగిందో ఆమె వెతికారు. తెలివితక్కువతనం, సోమరితనం ఆమెకి ప్రధాన కారణాలుగా కనిపించలేదు. ఆ జట్లలో లోపించింది మనం "ఉమ్మడి ఎరుక" అనుకోదగ్గ ఒక సంగతి. నాకు తెలిసింది నీకూ తెలుసు, నీకు తెలుసని నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు. ఈ మూడూ కలిస్తేనే ఉమ్మడి ఎరుక.

ఒకే క్లాసులో కూర్చున్నవాళ్లకి ఇది ఖర్చు లేకుండా వస్తుంది. ఫలానా బస్సు ఆలస్యమైందని, హెచ్‌ఓడీ గారు ఇవాళ కోపంగా ఉన్నారని, వెనక బెంచీ అబ్బాయికి జ్వరమని ఎవరూ ప్రకటన చేయక్కర్లేదు. కళ్లే చెప్తాయి. కాలేజీ మారేసరికి ఆ కళ్లు పోతాయి. అప్పటిదాకా ఊరికే తెలిసిపోయినవన్నీ ఇక నోరు తెరిచి చెప్పాలి, లేదా వేళ్లతో టైప్ చేయాలి. ఆ అలవాటు మనలో ఎవరికీ లేదు, పెద్దవాళ్లకి కూడా.

ఆ ఎరుక ఐదు చోట్ల జారిపోతుందని క్రామ్టన్ చూపించారు. మొదటిది, పరిస్థితులు చెప్పకపోవడం, చెప్పినా అవతలివాళ్లు గుర్తుపెట్టుకోకపోవడం. మా మిడ్స్ కథ అదే. రెండోది, ఒకరికి అందిన సమాచారం ఇంకొకరికి అందకపోవడం. ఇది మన దగ్గర ఎలా జరుగుతుందో పిల్లలున్న ఇంట్లో అందరికీ తెలుసు. ఒకే హాస్టల్ గదిలో ముగ్గురు కూర్చుని రాత్రి పదకొండింటికి అంతా తేల్చేసుకుంటారు. పొద్దున గ్రూపులో "ఓకే, ఫైనల్ చేశాం" అని ఒక ముక్క పడేస్తారు. ఏం ఫైనల్ చేశారో, ఎందుకు చేశారో అవతలి ముగ్గురికీ తెలియదు. అడిగితే "నిన్న మాట్లాడుకున్నాం కదా" అంటారు. మాట్లాడుకున్నది ఎవరితోనో వాళ్లకే గుర్తుండదు. ఇందులో మోసం లేదు. తల నిండా ఆ చర్చే తిరుగుతుంటే, అది అందరూ విన్నట్టే అనిపిస్తుంది.

మూడోది, ఏది ముఖ్యమో తెలియజేయలేకపోవడం. దీని దగ్గర కాస్త ఆగాలి. మా ప్రాజెక్టు నిజంగా చెడింది ఇక్కడే.

మా వాళ్లు వాడిన తేమ సెన్సర్ కెపాసిటివ్ రకం, అంటే మట్టి విద్యుత్ ఆవేశాన్ని ఎంత నిలుపుకుంటుందో చూసి తేమ చెప్పేది. ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరికేదే. దాన్ని ఆర్డుయినో ఊనో అనే బుల్లి కంప్యూటర్ లాంటి బోర్డుకి కలిపితే 0 నుంచి 1023 మధ్య ఒక అంకె వస్తుంది. మా వాళ్లు బుద్ధిగా ఆ అంకెలను ఒక ఫైల్లో పెట్టి పంపారు. అవతలివాళ్లూ బుద్ధిగా యాప్ రాశారు. అంకె పెద్దదైతే "తేమ ఉంది, నీళ్లు అక్కర్లేదు", చిన్నదైతే "నీళ్లు పెట్టండి". ఎవరు చదివినా సబబుగానే ఉంది. కానీ ఈ రకం సెన్సర్‌లో లెక్క తిరగబడి ఉంటుంది. నేల తడిసేకొద్దీ అంకె తగ్గుతుంది, ఎండేకొద్దీ పెరుగుతుంది. యాప్ తెరిస్తే, నెర్రెలు విచ్చిన కుండీ మట్టికి నీళ్లు చాలని, అప్పుడే తడిపిన మట్టికి వెంటనే నీళ్లు పెట్టమని చెప్పింది. రెండు వారాల పని మళ్లీ మొదటికొచ్చింది.

"ఎందుకు చెప్పలేదురా?" అని మా వాళ్లని అడిగితే, "అది అందరికీ తెలిసిందే కదా మేడమ్" అన్నారు. "ఎందుకు అడగలేదమ్మా?" అని అవతలి అమ్మాయిని అడిగితే, "అడగడానికి అందులో ఏముందో మాకు తెలియలేదు మేడమ్" అంది. ఆ అమ్మాయి మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఒక విషయం మనకి ఎంత బాగా తెలిస్తే, దాన్ని చెప్పాలన్న ఆలోచన అంత తక్కువగా వస్తుంది. అవతలివాళ్లకేమో ప్రశ్న వేయాలన్నా ముందు కొంత తెలిసుండాలి. వేర్వేరు బ్రాంచీల వాళ్లు, వేర్వేరు కాలేజీల వాళ్లు కలిసినప్పుడు ఈ గుంట ఇంకా లోతుగా ఉంటుంది.

నాలుగోది వేగంలో తేడా. క్యాంపస్ వైఫైలో ఉన్నవాడికి మెసేజ్ క్షణంలో అందుతుంది. ఊరి నుంచి వచ్చిపోయే పిల్లకి రాత్రి ఇంటి పని అయ్యాక, డేటా మిగిలుంటే కనిపిస్తుంది. ఆమె పొద్దుటి ప్రశ్నకి జవాబు రాసేసరికి మిగిలినవాళ్లు నాలుగు విషయాలు దాటి వెళ్లిపోయి ఉంటారు. ఆమె మాట సందర్భం లేనట్టు కనిపిస్తుంది. రెండు మూడు సార్లు అలా జరిగితే రాయడం మానేస్తుంది. అప్పుడు "ఆ అమ్మాయి యాక్టివ్‌గా ఉండదు" అని పేరొస్తుంది.

ఐదోది మౌనం. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ మాట పనికొస్తుంది, ఎందుకంటే మౌనంగా ఉన్న మనిషి మొహం కనపడుతుంది. గ్రూపులో మౌనానికి మొహం ఉండదు. చూడలేదని కావచ్చు. చూశాను, సరే అని కావచ్చు. నచ్చలేదు కానీ గొడవెందుకులే అని కావచ్చు. అర్థం కాలేదు, అడిగితే చులకనైపోతానేమో అని కావచ్చు. మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు చెప్తారులే అని కావచ్చు. రీచార్జి అయిపోయిందని కావచ్చు. ఇన్నింటిలో ఏదో ఒకటి మనమే ఎంచుకుంటాం. కోపంలో ఉన్నప్పుడు ఎంచుకునేది ఎప్పుడూ అన్నింటికన్నా చెడ్డదే.

ఇక్కడే గుణం మీద ముద్ర పడుతుంది. మనం ఆలస్యం చేస్తే దానికి కారణం పరీక్ష, జ్వరం, కరెంటు. ఎదుటివాళ్లు ఆలస్యం చేస్తే దానికి కారణం వాళ్ల బుద్ధి. పరిస్థితిని వదిలి ఎదుటివాళ్ల గుణాన్నే కారణంగా చూసే ఈ వాలును మానసిక శాస్త్రవేత్త లీ రాస్ 1977లో ఒక మూల దోషంగా వర్ణించారు. పక్కనే ఉంటే ఈ దోషం కొంత సర్దుకుంటుంది. వాడి కళ్లు ఎర్రగా ఉండటం చూస్తాం, రాత్రి నిద్ర లేదని తెలుస్తుంది. దూరంగా ఉంటే సర్దుకునే దారే లేదు. పైగా ఒకసారి "వాళ్లంతే" అని ముద్ర వేశాక ఇక కారణం అడగం. అడగం కాబట్టి తెలియదు. తెలియదు కాబట్టి ముద్ర ఇంకా గట్టిపడుతుంది. క్రామ్టన్ పరిశోధనలో నాకు అన్నింటికన్నా విలువైనదిగా అనిపించింది ఈ చక్రమే. జట్టులో కోపం పెరగడం ఒక నష్టమైతే, నేర్చుకోవడం ఆగిపోవడం అంతకన్నా పెద్ద నష్టం.

పిల్లల్ని ఎలా పంచుతామన్నదీ చాలా మార్చేస్తుంది. మైకేల్ ఓలియరీ, మార్క్ మోర్టెన్‌సెన్ 2010లో ఆరుగురు సభ్యులుండే 62 జట్లను పరిశీలించారు. ఒక్కో చోట ఇద్దరు అంతకుమించి ఉన్న జట్లలో "మనం, వాళ్లు" అన్న గీత పడింది. జట్టు మీద మమకారం తగ్గింది, గొడవలు పెరిగాయి, ఎవరికేమి తెలుసో ఒకరికొకరికి తెలియకుండా పోయింది. ఒకవైపు ఎక్కువమంది, ఇంకోవైపు తక్కువమంది ఉంటే పరిస్థితి ఇంకా చెడింది. తక్కువమంది ఉన్నవైపు వాళ్లు ఎక్కువ నలిగారు. ఆశ్చర్యమేమిటంటే, తన చోట తోడెవరూ లేకుండా ఒంటరి సభ్యుడున్న జట్లు ఈ విషయాల్లో మెరుగ్గా ఉన్నాయి. ఒంటరిగా ఉన్న మనిషికి గదిలో గుసగుసలాడే తోడు లేదు. ఏం మాట్లాడాలన్నా మొత్తం జట్టుతోనే మాట్లాడాలి. మిగతావాళ్లూ అతణ్ని దృష్టిలో పెట్టుకుని అన్నీ రాయాల్సి వస్తుంది.

మేమేమో ఇటు ముగ్గురు, అటు ముగ్గురు అని పంచాం. పైగా ఇటు ఈసీఈ, అటు సీఎస్‌ఈ. కాలేజీ గీత మీదే బ్రాంచి గీత, దాని మీదే పని గీత. ఆ గోడను మేమే కట్టామని అప్పుడు తెలియలేదు.

పని గీత అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం చెప్పాలి. కలిసి పని చేయడం, పని పంచుకోవడం ఒకటి కాదు. "హార్డ్‌వేర్ మీది, యాప్ మాది, చివరి వారం అతికిద్దాం" అన్నది పంచుకోవడం. పని పూర్తవ్వచ్చు, మార్కులూ రావచ్చు. కానీ మా ఈసీఈ పిల్లాడికి యాప్ గురించి ముందేం తెలుసో చివరికీ అంతే తెలుసు. అందులో ఆన్‌లైన్ ఉంది, రెండు కాలేజీలు ఉన్నాయి, కలిసి నేర్చుకోవడం మాత్రం లేదు. మన దగ్గర ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో ఒకే కాలేజీ బ్యాచ్‌లోనూ ఇదే నడుస్తుంది. ఒకరు కోడ్, ఒకరు రిపోర్టు, ఒకరు పీపీటీ, ఇంకొకరు బైండింగ్. ఆ అలవాటునే రెండు కాలేజీల మధ్యకి తీసుకెళ్తున్నాం.

పంచుకుంటూనే నేర్చుకునే పద్ధతి ఒకటుంది. 1971లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో పుట్టింది. అప్పటిదాకా జాతుల వారీగా వేరువేరుగా చదివిన పిల్లల్ని ఒకే బడిలోకి తెచ్చారు. తరగతుల్లో గొడవలు. ఎలియట్ అరాన్సన్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు ఆ తరగతుల్లో ఒక మార్పు చేశారు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇచ్చారు. అదే ముక్క వచ్చిన వేరే గుంపుల పిల్లలతో కూర్చుని దాన్ని బాగా నేర్చుకోవాలి. తర్వాత తన గుంపుకి తిరిగొచ్చి మిగతావాళ్లకి నేర్పాలి. పరీక్ష మాత్రం అందరికీ మొత్తం పాఠం మీద. అంటే ఎదుటి పిల్లాడు బాగా చెప్పకపోతే నా మార్కులు పోతాయి. కాబట్టి వాణ్ని వెక్కిరించడం మానేసి వినాలి, సరైన ప్రశ్నలు అడిగి వాడి నోట మాట రప్పించాలి. ముక్కలన్నీ కలిస్తేనే బొమ్మ వస్తుంది కాబట్టి దీన్ని జిగ్‌సా పద్ధతి అన్నారు.

మన ప్రాజెక్టులకి దీన్ని అన్వయించడం కష్టమేమీ కాదు. పని ఎవరిదో వాళ్లు చేయొచ్చు. వైవాలో మాత్రం ఎవరి పని గురించి వాళ్లని అడగకూడదు, అవతలివాళ్ల పని గురించి అడగాలి. ఈ ఒక్క నియమం ముందే చెప్తే చాలు, పిల్లలు ఒకరికొకరు నేర్పుకునే సమయం వాళ్లే వెతుక్కుంటారు.

మరి నిజంగానే పని ఎగ్గొట్టేవాళ్ల మాటేమిటి? వాళ్లు ఉన్నారు, లేరని నేననను. ఫ్రాన్స్‌కి చెందిన వ్యవసాయ ఇంజినీరు మాక్సిమిలియన్ రింగెల్‌మాన్ తాడు లాగే ప్రయోగాల ఫలితాలను 1913లో ప్రచురించారు. లాగేవాళ్లు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి బలం తగ్గుతూ వచ్చింది. 1979లో బిబ్ లటానె, మరో ఇద్దరు చప్పట్లతో, కేకలతో ఇలాంటిదే పరీక్షించారు. మరికొందరితో కలిసి కేక వేస్తున్నామనుకుంటే మనిషి గొంతు తగ్గింది. తర్వాతి ప్రయోగాల్లో, ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని చెప్పినప్పుడు ఆ తగ్గుదల పోయింది. అంటే మందు చిన్నదే, ఎవరు ఏం చేశారో కనపడేలా చేయాలి. ఉమ్మడి డాక్యుమెంటులో ఎవరు ఏ వాక్యం రాశారో మార్పుల చరిత్ర చూపిస్తుంది. కోడ్‌లో మార్పులన్నీ నమోదు చేసే గిట్‌లో ఎవరు ఏ కోడ్ పెట్టారో ఉంటుంది. జట్టంతటికీ ఒకే మార్కు వేసే అలవాటు వదిలి, అందులో కొంత భాగం దీన్ని చూసి, తోటివాళ్ల అభిప్రాయం అడిగి వేస్తే సరిపోతుంది. అయితే పరిస్థితి తెలుసుకోకుండా ఎగ్గొట్టాడని ముద్ర వేయడం తొందరపాటు. ముందు ఫోన్ చేసి అడగాలి.

ఇలాంటి కలయికలను ఒక పద్ధతిగా మలిచినవాళ్లలో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు ముందున్నారు. అక్కడి పర్చేజ్ కాలేజీలో సినిమా పాఠాలు చెప్పే జాన్ రూబిన్ వేరే దేశాల విద్యార్థులతో తన విద్యార్థులను ఆన్‌లైన్‌లో కలపడం మొదలుపెట్టారు. ఆ అనుభవంతో 2006లో దానికొక కేంద్రమే ఏర్పడింది. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ పద్ధతిని కాయిల్ (కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్) అంటున్నారు. అందులో నాకు నచ్చింది క్రమం. ముందు అధ్యాపకులిద్దరూ కలిసి పాఠం అల్లుకుంటారు. విద్యార్థులకి మొదట పని ఇవ్వరు, పరిచయం ఇస్తారు. మీ ఊరు చూపించండి, మీ గది చూపించండి, మీ రోజు ఎలా గడుస్తుందో చెప్పండి అంటారు. ఆ తర్వాతే ఉమ్మడి పని. చివర్లో ఏం నేర్చుకున్నామో వెనక్కి తిరిగి చూసుకోవడం. మనం మొదటి మెట్టుని కాలక్షేపం అనుకుని దాటేస్తాం. కానీ ఉమ్మడి ఎరుకకి పునాది పడేది అక్కడే. గది చూపించిన రోజే హాస్టల్ నియమాలు బయటపడతాయి.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి అడ్డుపడేవి కొన్ని ప్రత్యేకంగా ఉన్నాయి. ఒకప్పుడు ఒకటే అయిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాదు, కాకినాడ, అనంతపురం అని విడిపోయింది. ఆ తర్వాత విజయనగరం వచ్చింది. అటానమస్ కాలేజీల సంగతి వేరే. ఎవరి రెగ్యులేషన్ వాళ్లది, ఎవరి మిడ్స్ తేదీలు వాళ్లవి. తెలంగాణలో బతుకమ్మ, దసరాకి సెలవులు ఎక్కువ, ఆంధ్రలో సంక్రాంతికి ఊళ్లకి వెళ్లనివాళ్లుండరు. రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూస్తే, సెమిస్టర్‌లో ఇద్దరికీ కుదిరేవి ఆరేడు వారాలే తేలతాయి. ముందే చూసుకుంటే ఆరు వారాలు చాలు. చూసుకోకపోతే పదహారు వారాలున్నా చాలవు.

నియమాల్లో కూడా కలిసి నేర్చుకోవడానికి చోటు తక్కువే. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మన పిల్లలకి పెద్ద ఆకర్షణ. జట్టులో ఆరుగురు ఉండాలి, కనీసం ఒకమ్మాయి ఉండాలి, ఆరుగురూ ఒకే కాలేజీ వాళ్లై ఉండాలి. బ్రాంచీలు కలిస్తే మంచిదంటారు, కాలేజీలు కలవడానికి మాత్రం దారి లేదు. అలాగే 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' ద్వారా చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. మంచి అవకాశమే. కానీ ఆ వీడియోలు ఒక్కరే చూస్తారు, పరీక్ష ఒక్కరే రాస్తారు. దేశంలో ఆన్‌లైన్ చదువు పెరిగింది, దాంతోపాటు ఒంటరి చదువూ పెరిగింది. రెండు కాలేజీలు కలిసి చేసిన ప్రాజెక్టుకి ఇద్దరి దగ్గరా క్రెడిట్ ఇచ్చే పద్ధతి ప్రతి కాలేజీలో ఉంటే ఎంత బాగుండేదో. అది లేక, గైడ్లు సొంత పరిచయాల మీద, సొంత ఓపిక మీద నెట్టుకొస్తున్నారు.

భాష సంగతి ఎవరూ పైకి అనరు. మా మొదటి మీటింగ్ ఇంగ్లీషులో మొదలైంది, అందరూ తెలుగువాళ్లే అయినా. అవతల లెక్చరర్ ఉన్నారని, కొత్తవాళ్లున్నారని పిల్లలు బిగుసుకుపోయారు. ఇద్దరు మాట్లాడారు, నలుగురు మ్యూట్‌లో ఉండిపోయారు. నేనే కల్పించుకుని "తెలుగులోనే చెప్పండమ్మా, టర్మ్స్ ఇంగ్లీషులో ఉండనీండి" అన్నాను. అప్పుడు నోళ్లు విచ్చుకున్నాయి. తెలుగులోకి వచ్చాక ఇంకో మెట్టు ఉంది. మొదట్లో అందరూ "మీరు" అనుకుంటారు. "మీరు" దగ్గర ఉన్నంతకాలం "నాకు అర్థం కాలేదు" అన్న మాట బయటికి రాదు. "బ్రో", "అక్కా", "నువ్వు" మొదలైన వారం నుంచి తెలియని సంగతులు తెలియవని చెప్పుకోవడం మొదలవుతుంది. ఇంగ్లీషులో రిపోర్టు రాయడం నేర్పాలి, నిజమే. ఆలోచన పుట్టే చోట మాత్రం దాన్ని అడ్డం పెట్టకూడదు.

అమ్మాయిల విషయం ఇంకా సున్నితమైనది. వాట్సాప్ గ్రూపులో చేర్చగానే వాళ్ల నంబరు తెలియని కాలేజీ అబ్బాయిలకి వెళ్లిపోతుంది. ఇంట్లో ఏమంటారో, రాత్రిపూట ఎవరు మెసేజ్ పెడతారో అన్న భయంతో చాలామంది అమ్మాయిలు గ్రూపులో ఉండీ లేనట్టే ఉంటారు. ఆ మౌనాన్ని ఆసక్తి లేకపోవడం అని రాసేస్తాం. ఇది అన్యాయం. నంబరు అక్కర్లేని వేదిక, కాలేజీ మెయిల్ ఐడీతో చేరే క్లాస్‌రూమ్ లాంటిది, వాడితే ఈ టెన్షన్ సగం పోతుంది. మీటింగులు రాత్రి పదింటికి కాకుండా సాయంత్రం కాలేజీలో ఉన్నప్పుడే పెడితే మిగతా సగం కూడా తగ్గుతుంది. డే స్కాలర్లకి బస్సు టైము చూసుకోవాలి, అంతే.

మరుసటి ఏడాది అదే గైడ్‌తో మళ్లీ ప్రయత్నించాం. అదే ప్రాజెక్టు, కొత్త పిల్లలు. ఈసారి జట్టుని కాలేజీ వారీగా చీల్చలేదు. ఇటు ఒకరు, అటు ఒకరు చొప్పున మూడు జంటలు చేశాం. సెన్సర్ నుంచి అంకె వచ్చేదాకా ఒక జంట, అంకె నుంచి సలహా దాకా ఇంకో జంట, సలహాని రైతుకి అర్థమయ్యే తెలుగులో తెర మీద చూపించేదాకా మూడో జంట. మొదటి వారం పని ఏదీ లేదు. ఒక ఉమ్మడి షీటులో ఎవరి పరీక్షలు ఎప్పుడు, ఎవరి దగ్గర ఏ వేళలో ఫోన్ ఉండదు, ఎవరికి నెట్ ఎక్కడ దొరుకుతుంది, ఎవరు ఏ పండక్కి ఊరెళ్తారు అని రాసుకున్నారు. మెసేజ్ చూసినవాళ్లు జవాబు తెలియకపోయినా "చూశాను, గురువారం చెప్తాను" అని ఒక ముక్క రాయాలని వాళ్లే ఒప్పుకున్నారు. గదిలో కూర్చుని ఏమనుకున్నా, ఏమనుకున్నారో ఎందుకనుకున్నారో మూడు లైన్లు గ్రూపులో పెట్టాలన్నది ఇంకో మాట. అంకెలు పంపేటప్పుడు ప్రతి అంకె పక్కన అప్పటి మట్టి ఫొటో పెట్టాలన్నది మాత్రం నేను పట్టుబట్టి చేయించాను.

అన్నీ సాఫీగా జరగలేదు. ఒక జంటకి అసలు పొసగలేదు, మధ్యలో మార్చాం. సంక్రాంతి తర్వాత పది రోజులు పని కదల్లేదు. యాప్ చివరి రోజు కూడా ఒకసారి ఆగిపోయింది.

వైవాకి బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చారు. అవతలి కాలేజీ వాళ్లు స్క్రీన్ మీద ఉన్నారు. ఆయన సెన్సర్ చేతిలోకి తీసుకుని, మా ఈసీఈ పిల్లల వైపు తిరిగి, "తడిస్తే అంకె ఎందుకు తగ్గుతోంది?" అని అడగబోయి ఆగారు. స్క్రీన్ మీద ఉన్న సీఎస్‌ఈ అమ్మాయిని చెప్పమన్నారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించింది. "సార్, ఈ రెండు పొరల మధ్య కెపాసిటర్ ఉన్నట్టు. మధ్యలో ఉండేది మట్టి. ఎండిన మట్టి డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ ఐదు లోపే ఉంటుంది, నీటిది ఎనభై దాకా ఉంటుంది. తడిస్తే కెపాసిటెన్స్ పెరుగుతుంది సార్. అది పెరిగితే ఈ సర్క్యూట్లో బయటికొచ్చే ఓల్టేజీ తగ్గుతుంది. అందుకే అంకె తగ్గుతుంది." అక్కడితో ఆగి, "ఉప్పు నేలల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది సార్, అది నాకంటే మా వాడు బాగా చెప్తాడు" అంది.

ఇక్కడ బెంచీ మీద కూర్చున్న మా పిల్లాడు లేచి నిలబడ్డాడు.